ఫస్లీ 1348: పాడినవారూ, పాడనివారూ

ఆషాఢం ముగిసే వేళ పాతబస్తీకి బోనాలొస్తాయి. లాల్‌దర్వాజ, హరిబౌలి, గౌలిపుర, ఉప్పుగూడ గుళ్ళ ఘటాలు ఒకదాని వెనక ఒకటి కదిలి చార్మినార్, గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి, మదీనా దాటి నయాపూల్ దగ్గర మూసీని చేరుకుంటాయి. వినాయక నిమజ్జనం నాడు బాలాపూర్ నుంచి వచ్చే ఊరేగింపు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, అలియాబాద్ మీదుగా ఇదే దారి పడుతుంది. మొహర్రంలో దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం, మిలాద్ నాడు ఆకుపచ్చ జెండాల జులూస్. గౌలిపుర లాంటి బస్తీలో జనం మనసులో మాట సభాభవనాల్లో బయటపడదు. అది రోడ్డు మీదికి జెండాగా, డప్పుగా, నినాదంగా వస్తుంది. అందుకే అనుమతి కావాలా, ఎవరిస్తారు, కాదంటే ఎలా అన్న ప్రశ్నలు ఇక్కడ ప్రతి ఏడాదీ ఇంటి ముందుకే వస్తాయి.

ఈ పండుగలకు ముందు నగర పోలీసు కమిషనర్ కార్యాలయం నుంచి ఉత్తర్వులు వెలువడతాయి. ఏ దారి మూస్తారు, ఏవి పట్టుకుని తిరగకూడదు, మైకు ఎంతసేపు వంటివి అందులో ఉంటాయి. ఏ అధికారంతో ఆ ఉత్తర్వు ఇస్తున్నారో చెప్పే వాక్యంలో చాలాసార్లు ఒక పాత పేరు కనిపిస్తుంది: హైదరాబాదు నగర పోలీసు చట్టం, ఫస్లీ 1348. ఫస్లీ నిజాం రాజ్యంలో నడిచిన సర్కారీ సంవత్సరం. 1348 అంటే మన లెక్కలో 1938–39. రాజు పోయాడు, రాజ్యం పోయింది, రాష్ట్రం మూడుసార్లు రూపు మార్చుకుంది. ఆ చట్టం మాత్రం గౌలిపుర గల్లీలో ఇప్పటికీ అమల్లో ఉంది.

ఆ ఫస్లీ 1348లో ఈ నగరంలో ఏం జరిగిందన్నదే ఈ భాగం కథ. ఒక పాట పాడినందుకు వందలాది మంది విద్యార్థులు చదువు పోగొట్టుకున్నది ఆ ఏడాదే.

నోరు మూయించే అలవాటు అంతకు చాలా ముందు నుంచే ఉంది. 1883లో చాందా రైల్వే ఒప్పందం మీద ప్రజలకు వివరాలు చెప్పాలని అడిగినందుకు అఘోరనాథ చట్టోపాధ్యాయను నగరం నుంచి వెళ్ళగొట్టారు. సరోజినీ నాయుడి తండ్రి ఆయన, నగరంలో కొత్త చదువుకు పునాది వేసిన వాళ్ళలో ఒకడు. ఆయనతోపాటు గొంతు కలిపిన ముల్లా అబ్దుల్ ఖయ్యూం మీదా అదే వేటు పడింది. ఒకరు బెంగాలీ బ్రాహ్మణుడు, ఒకరు హైదరాబాదీ ముసల్మాను. సర్కారుకు ఇద్దరూ ఒకటే. ఈ సంగతి మనం తరచు మరిచిపోతాం.

ఖిలాఫత్ ఉద్యమం రోజుల్లో నగరంలో సభలు వెల్లువెత్తేసరికి 1920ల్లో ఆంక్షలు బిగుసుకున్నాయి. వాటిలో జనం నోట నిలిచిపోయినది గస్తీ నిషాన్ తిర్పన్, అంటే 53వ నంబరు సర్క్యులర్. సభ పెట్టాలంటే ముందు దర్ఖాస్తు పెట్టాలి. సభ ఎందుకో, ఎవరు మాట్లాడతారో చెప్పుకోవాలి. ఇచ్చేదీ ఇవ్వనిదీ అధికారి ఇష్టం. 1921లో ఆంధ్ర జనసంఘం పెట్టుకున్న కొద్దిమందికి ఈ దర్ఖాస్తుల బతుకు బాగా తెలుసు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు లాంటి వకీళ్ళు గ్రంథాలయాల పేరుతో, సంఘ సంస్కరణ పేరుతో తెలుగువాళ్ళను కూడగట్టారు. 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు కూడా తీర్మానాలన్నీ చదువులు, వర్తకం, సంఘ సంస్కరణల చుట్టూనే తిరిగాయి. చేతగాక కాదు, మరో మాట అంటే మరుసటి సభ ఉండదు కాబట్టి.

ఇక 1938. ఏప్రిల్లో ధూల్‌పేటలో మతకలహం చెలరేగింది. సెప్టెంబరులో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ ఇంకా పుట్టకముందే సర్కారు దాన్ని నిషేధించింది. అక్టోబరు 24న గోవిందరావు నానల్ నాయకత్వంలో మొదటి జట్టు సత్యాగ్రహానికి దిగి అరెస్టయింది. తర్వాత కమ్యూనిస్టు నాయకుడైన రావి నారాయణరెడ్డి ఆ జట్టులోనే ఉన్నారు. మరోవైపు ఆర్యసమాజం వేరే పోరాటం మొదలుపెట్టింది. వాళ్ళ కోరికల్లో ఒకటి చూడండి: తమ మందిరాల మీద ఓం జెండా ఎగరేసుకోవాలి, దానికి ఎవరి అనుమతీ అడగనక్కర లేదు. ఒక గుడ్డముక్క కోసం వేలమంది జైళ్ళు నింపారని తేలిగ్గా అనవచ్చు. కానీ ఆ గుడ్డముక్క కాగితం మీద రాసిన ఏ తీర్మానం కంటే పెద్దగా మాట్లాడుతుందని సర్కారుకూ తెలుసు, సత్యాగ్రహులకూ తెలుసు. నిషేధించాలన్న తొందర అందుకే, జైలుకు పోవడానికి తెగించిందీ అందుకే.

నవంబరులో ఉస్మానియా హాస్టళ్ళలో అసలు కథ మొదలైంది. హిందూ విద్యార్థులకు హాస్టల్లో ప్రార్థన కోసం గది ఉండేది. అక్కడ వందేమాతరం పాడారు. అధికారులు వద్దన్నారు. మళ్ళీ పాడారు. ఇది ప్రార్థన కాదు, రాజకీయ గీతం, తోటి విద్యార్థుల మనసు నొప్పిస్తుంది అని విశ్వవిద్యాలయం నిషేధించింది. విద్యార్థులు సమ్మె కట్టారు. పేర్లు కొట్టేశారు. ఔరంగాబాదు, గుల్బర్గా, వరంగల్లు, మహబూబ్‌నగర్ కాలేజీలకు సంగతి పాకింది, అక్కడా అదే పాట, అదే శిక్ష. పరీక్షల ముందు, ఊళ్ళో అమ్మానాన్నలు పొలం తాకట్టు పెట్టి పంపిన చదువు ఒక్క ఉత్తర్వుతో ఆగిపోతే ఆ పిల్లలు ఎక్కడికి పోవాలి? దిక్కు చూపింది నాగపూర్ విశ్వవిద్యాలయం. వైస్ ఛాన్సలర్ టి.జె. కేదార్ వాళ్ళను చేర్చుకున్నారు. రైలెక్కి వెళ్ళినవాళ్ళలో వరంగల్లులో చదువుకుంటున్న పదిహేడేళ్ళ పాములపర్తి వెంకట నరసింహారావు ఒకడు. ఈ పేరు కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ కథను మనం వీరగాథగానే చెప్పుకుంటాం. ఆ పాట ఆనాడు అందరికీ ఇష్టమైన పాట కాదు. బంకిం చంద్రుడి ‘ఆనందమఠం’ నవల 1882లో వచ్చింది, పాట అందులోది. అందులోని తర్వాతి చరణాల్లో దేశమాతను దుర్గగా కొలవడం మీద ముస్లింలలో చాలామందికి అభ్యంతరం ఉంది. అది కల్పించుకున్న అభ్యంతరం కాదు. 1937 అక్టోబరులో కాంగ్రెస్ కార్యవర్గమే ఆ అభ్యంతరాన్ని మన్నించి, సభల్లో మొదటి రెండు చరణాలే పాడాలని తీర్మానించింది. అంటే ఏడాది తర్వాత ఉస్మానియా హాస్టల్లో లేచిన గొంతు నిజంగానే వివాదంలో ఉన్న గొంతు. ధూల్‌పేట గొడవలు కళ్ళముందే ఉన్న సర్కారు భయపడిందంటే ఆ భయం ఉత్తది కాదు.

అయినా సర్కారు చేసింది తప్పే. పక్కగదిలోని కుర్రాడి మనసు నొచ్చుకుంటుందని ఈ గదిలోని కుర్రాడి నోరు కట్టేస్తే ఇద్దరిలో ఎవరికీ మేలు జరగదు. ఒకడికి తన బాధే చట్టం అన్న అలవాటు పడుతుంది, ఇంకొకడికి తన పాటే యుద్ధం అనిపిస్తుంది. ఎవరికీ నచ్చని మాట లేని చోట వాక్ స్వేచ్ఛకు రక్షణతో పనే లేదు. నచ్చని మాట వినబడ్డప్పుడే దాని అవసరం వస్తుంది. ఆ గదిలో ఎవరినీ కొట్టమని ఎవరూ అనలేదు. పాడారు, అంతే.

జైల్లోనూ పాట ఆగలేదు. గద్వాల నుంచి వచ్చిన రామచంద్రరావు అనే యువకుడు చంచల్‌గూడ జైల్లో వందేమాతరం అన్నాడని కొరడా దెబ్బలు వేశారు. దెబ్బ పడ్డ ప్రతిసారీ అదే మాట అన్నాడు. తర్వాతి జీవితమంతా ఆయన వందేమాతరం రామచంద్రరావే. తండ్రి తాతల నుంచి వచ్చిన ఇంటిపేరు వెనక్కి పోయి, జైలు ఇచ్చిన పేరు ముందుకు వచ్చింది.

గాంధీజీ సలహాతో 1938 డిసెంబరులో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం నిలిపేసింది. 1939 జులైలో సర్కారు కొన్ని సంస్కరణలు ప్రకటించాక ఆగస్టులో ఆర్యసమాజమూ విరమించింది. ఆ సంవత్సరంలోనే నగర పోలీసు చట్టం తయారైంది. ఒక పాటకూ ఒక జెండాకూ ఉలిక్కిపడ్డ దొరతనం రాసుకున్న చట్టం అది. ఈ పుట్టుక తెలిసి చదివితే దానిలోని ప్రతి సెక్షనూ వేరుగా వినిపిస్తుంది.

నిజాం పాలన హిందువుల నోరే నొక్కిందనుకుంటే సగం చరిత్రే తెలిసినట్టు. మజ్లిస్ నాయకుడు, మహావక్త బహదూర్ యార్ జంగ్ నిజాం ఆగ్రహానికి గురై చివరికి జాగీరూ బిరుదూ వదులుకున్నాడు. మందుముల నరసింగరావు ‘రయ్యత్’ పత్రిక మూతపడింది. అక్కడ పనిచేసిన షోయబుల్లా ఖాన్ ‘ఇమ్రోజ్’ పేరుతో ఉర్దూలో సొంత పత్రిక పెట్టి, హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వెళ్తుండగా కాచిగూడ దగ్గర కాపు కాసి కాల్చారు, చెయ్యి నరికారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. ఇరవై ఏడేళ్ళ వాడు. ఆ పని చేసింది సర్కారు ఉత్తర్వు కాదు, మజ్లిస్ సాయుధ దళం రజాకార్ల కత్తి. కానీ ఉత్తర్వులతో నోళ్ళు మూయించడం మామూలైపోయిన ఊళ్ళో కత్తికి ధైర్యం ఎక్కువ. రాసే చెయ్యే నరకాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఇంతకంటే వివరంగా చెప్పనక్కర లేదు.

1947 ఆగస్టు 15న మూడు రంగుల జెండా ఎగరేయడం ఈ రాజ్యంలో నేరం. ఆ వేకువన సుల్తాన్ బజారులో జెండా ఎగిరింది, స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానందతీర్థ అరెస్టయ్యారు. సెప్టెంబరు 2న పరకాలలో జెండాలు పట్టుకుని వచ్చిన జనం మీద కాల్పులు జరిగి 22 మంది చనిపోయారు. ఆ ఊళ్ళో అమరధామం చూసినవాళ్ళకు ఇంకేం చెప్పక్కర లేదు.

రాజ్యం పోయింది. 1952 మార్చిలో ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు, అంటే గస్తీ నిషాన్ తిర్పన్ కింద దర్ఖాస్తులు పెట్టుకున్న తరం మనిషి, 1931 దేవరకొండ ఆంధ్ర మహాసభ అధ్యక్షుడు. ఆరు నెలలు తిరగలేదు. బయటివాళ్ళకు ఉద్యోగాలిస్తున్నారంటూ వరంగల్లులో మొదలైన ముల్కీ ఆందోళన నగరానికి వచ్చింది. సెప్టెంబరు 3న సిటీ కాలేజీ దగ్గర విద్యార్థుల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. 4న మళ్ళీ. పిల్లలు చనిపోయారు. సిటీ కాలేజీ మూసీ ఒడ్డున, పాతబస్తీ వైపే ఉంది. గౌలిపుర నుంచి మదీనా దాకా వెళ్ళేవాళ్ళకు అది ఎంతో దూరం కాదు. న్యాయమూర్తి పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు. బూర్గుల దుర్మార్గుడు కాడు. పండితుడు, సౌమ్యుడు, బహుభాషావేత్త. ఆయన హయాంలోనే ఇది జరిగిందన్నదే నన్ను కలచివేస్తుంది. పాలకుడి మంచితనాన్ని నమ్ముకుంటే చాలదని, పాలకుడి చేతిని పట్టి ఆపే చట్టం ఉండాలని ఆ రెండు రోజులు చెప్పాయి.

ఆ చట్టం అప్పటికే కాగితం మీద ఉంది. 1950 రాజ్యాంగం 19వ అధికరణంలో మాట్లాడే హక్కూ, ఆయుధాలు లేకుండా శాంతిగా గుమిగూడే హక్కూ రాసి పెట్టారు. పక్కనే పరిమితులూ రాశారు. హక్కు పెద్దదా పరిమితి పెద్దదా అన్నది కోర్టుల్లో తేలడానికి కాలం పట్టింది. 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు, శాంతియుత ప్రదర్శన కూడా మాటలాంటిదేనని, నోరు తెరవకపోయినా బ్యాడ్జి పెట్టుకుని నిలబడినా అది భావప్రకటనేనని ఒప్పుకుంది. 1972లో అహ్మదాబాదు నుంచి హిమత్‌లాల్ షా వేసిన కేసు మనకు ఇంకా దగ్గరిది. వీధిలో సభకు అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం పోలీసు కమిషనర్ ఇష్టానికి వదిలేసిన నియమాన్ని కోర్టు కొట్టేసింది. ట్రాఫిక్ కోసం, శాంతి కోసం క్రమబద్ధం చేయవచ్చు, బహిరంగ స్థలంలో సభే లేకుండా చేసే అధికారం మాత్రం లేదంది. గస్తీ నిషాన్ తిర్పన్‌కు అర్ధశతాబ్దం తర్వాత దొరికిన జవాబు అది.

ఇప్పుడు ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైన ఘట్టానికి వస్తాను.

1985 జులై. కేరళలో కిడంగూర్ అనే ఊరి బడి. ఒక ఇంటి పిల్లలు ముగ్గురు, పదో తరగతి, తొమ్మిదో తరగతి, అయిదో తరగతి. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ వాళ్ళు. పొద్దున అసెంబ్లీలో జనగణమన పాడేటప్పుడు లేచి మర్యాదగా నిలబడతారు, పాడరు. తమ దేవుణ్ణి తప్ప మరెవర్నీ స్తుతించకూడదన్నది వాళ్ళ విశ్వాసం. ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టలేదు. ఒక శాసనసభ్యుడు చూసి సభలో ప్రశ్న లేవనెత్తాడు. విచారణ జరిగింది. పిల్లలు బుద్ధిమంతులని, గీతాన్ని అవమానించలేదని విచారణలోనే తేలింది. అయినా పైనుంచి ఆదేశం వచ్చింది. 26న పేర్లు కొట్టేశారు. కేరళ హైకోర్టులో పిల్లల పక్షం ఓడిపోయింది.

సుప్రీంకోర్టులో ఆ కేసు విన్న ధర్మాసనంలో పెద్దవాడు న్యాయమూర్తి ఒంటెద్దుపల్లి చిన్నప్పరెడ్డి. అనంతపురం జిల్లా గుత్తి ఆయన సొంత ఊరు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి ఢిల్లీ వెళ్ళినవాడు. 1986 ఆగస్టు 11న తీర్పు రాశాడు. జాతీయ గౌరవానికి అవమానాల నిరోధక చట్టం 1971 ఏం చెబుతోందో ముందు చూశాడు. గీతం పాడేవాళ్ళను అడ్డుకుంటే, గొడవ చేస్తే నేరం. మౌనంగా నిలబడటం ఆ చట్టంలో నేరం కాదు. ఇక పాడి తీరాలనే చట్టం ఏదీ లేదు, ఉన్నది శాఖాపరమైన సూచనలే. అలాంటి సూచనలతో ప్రాథమిక హక్కును తీసేయలేరు. మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కూ ఉంది. పిల్లలను మళ్ళీ చేర్చుకోండి అన్నాడు. మన సంప్రదాయమూ, మన తాత్వికతా, మన రాజ్యాంగమూ సహనాన్నే నేర్పాయని, దాన్ని పలచన చేసుకోవద్దని చివర్లో రాశాడు.

ఆ రోజు కేంద్రంలో విద్యాశాఖను చూసే మానవ వనరుల మంత్రి ఎవరు? పి.వి. నరసింహారావు. దేశగీతం పాడినందుకు బడి పోగొట్టుకున్న కుర్రాడు పెద్దవాడై మంత్రిగా ఉండగా, దేశగీతం పాడనందుకు బడి పోగొట్టుకున్న పిల్లలకు ఒక తెలుగు న్యాయమూర్తి చదువు తిరిగి ఇప్పించాడు. ఈ రెంటినీ వేర్వేరు కథలుగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఒకదానికి దేశభక్తి అని పేరు పెడతాం, రెండోదానికి మొండితనమని. నేను మాత్రం ఒకే కథ అంటాను. ఉస్మానియా ప్రార్థనా గదిలో పాడిన గొంతునూ, కిడంగూర్ బడిలో మూసుకున్న పెదవులనూ కాపాడేది ఒకటే హక్కు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వననడం కుదరదు.

చిన్నప్పరెడ్డి తన తీర్పులో అమెరికా కేసులనూ పరిశీలించాడు. అక్కడ జెండాకు వందనం చేయని యెహోవా సాక్షుల పిల్లలను బడి నుంచి పంపడం తప్పు కాదని 1940లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా తేల్చింది. ఆ తీర్పు తర్వాత ఆ మతస్థుల మీద ఊరూరా దాడులు జరిగాయి. మూడేళ్ళకే, 1943 జూన్ 14న, బార్నెట్ కేసులో అదే కోర్టు మాట మార్చుకుంది. ప్రపంచయుద్ధం నడిమధ్యలో, దేశమంతా జెండా చుట్టూ నిలబడిన రోజున, వందనం చేయనన్న పిల్లల పక్షాన నిలిచింది. కోర్టులు కూడా తప్పు చేసి దిద్దుకుంటాయి. దిద్దుకునే లోపల దెబ్బలు తిన్నవాళ్ళు మాత్రం ఉంటారు.

హద్దు లేదని కాదు. ఫలానావాళ్ళను కొట్టండి, తగలబెట్టండి అనే మాటకు ఏ రాజ్యాంగమూ రక్షణ ఇవ్వదు, ఇవ్వకూడదు. కలహాలను కళ్ళారా చూసిన పాతబస్తీకి ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదు. కానీ ఆ హద్దుకు ఇవతల ఉన్నదంతా అల్లరేనని అనుకునే అధికారులు ప్రతి కాలంలోనూ ఉంటారు. జనం వాళ్ళకంటే నయం. 2023లో మిలాదూ గణేశ నిమజ్జనమూ ఒకే రోజు, సెప్టెంబరు 28న వచ్చాయి. మిలాద్ జులూస్‌ను నిర్వాహకులే అక్టోబరు 1కి జరుపుకున్నారు. 2024లోనూ అలాగే వెనక్కి జరిపారు. ఎవరి జెండా వాళ్ళది, ఎవరి రోజు వాళ్ళది. నిషేధంతో రాని శాంతి ఇలా వచ్చింది.

సొంత రాష్ట్రం కోసం రోడ్ల మీదే పోరాడి గెలిచాక, 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ను మూసేసి, నిరసనలు నగర శివార్లలో చేసుకొమ్మంది. ధర్నా చౌక్ కోసమే ధర్నా చేయాల్సి వచ్చింది. 2018లో హైకోర్టు అక్కడ మళ్ళీ నిరసనకు వీలు కల్పించింది. 2024 అక్టోబరు 27న నగర పోలీసులు భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద నెల రోజుల నిషేధం విధించారు. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది గుమిగూడరాదు. శాంతికి భంగం కలిగిస్తాయనుకుంటే ప్రసంగాలే కాదు, సైగలు, బొమ్మలు, చిహ్నాలు, ప్లకార్డులు, జెండాలు కూడా కూడదు. ఆ నెలంతా ధర్నాకు వీలున్న చోటు ఇందిరా పార్కు ఒక్కటే.

ఆ నెలలో గౌలిపురలో డ్రైనేజీ పొంగి ఇళ్ళలోకి వచ్చిందనుకోండి. నలుగురు పొరుగువాళ్ళను పిలిచి, ఒక అట్టముక్క మీద నాలుగు మాటలు రాసి, తన గుమ్మం ముందే నిలబడాలనుకున్న ఇల్లాలు ఆ ఉత్తర్వును తప్పినట్టే. ఆ నీళ్ళు కనబడని చోటికి, మూసీ దాటి, రెండు బస్సులు మారి, ఇందిరా పార్కు దాకా ఆమె వెళ్ళాలి.